డబ్బా లేస్తే కొమురవ్వ లేచేది

పొద్దున పది అయ్యేసరికి పుష్ప ఇంటి పని ముగించుకుని, బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని అత్త మంచం పక్కన కూర్చునేది. రాత్రి నానబెట్టి తడిగుడ్డలో చుట్టిన తునికాకు మెత్తబడిందో లేదో బొటనవేలితో ఒత్తి చూసుకునేది. కత్తెరతో ఆకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి చుట్టి, మూతి ముడిచి చాటలో వేసేది. కోరుట్లలో ఆ వాడంతా బీడీల వాడే కాబట్టి ఏ ఇంట్లో చూసినా ఇదే తంతు. ఈ ఇంట్లో మాత్రం పుష్ప చూపు మధ్యమధ్య ఆకు మీద నుంచి అత్త కాలి బొటనవేలి మీదికి పోయేది.

ఆమె భర్త ఆనంద్ సిరిసిల్లలో ఉండేవాడు. అక్కడ అతను తన కంప్యూటర్‌లో ఒక మీట నొక్కగానే ఇక్కడ గోడవార బల్ల మీదున్న డబ్బాలో ఫ్యాను గుర్రుమనేది. కొమురవ్వ బొటనవేలు కదిలేది.

డబ్బా అంటే అదీ కంప్యూటరే. ఆనంద్ దాన్ని సర్వర్ అనేవాడు, వాడకట్టంతా డబ్బా అనేది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. కరెంటు తీగ ఒకటి, ఫోన్ లైను తీగ ఒకటి, అంతే. ఆనంద్ పని వీడియోలు తీయడం. పెళ్ళిళ్ళు, ఒడిబియ్యాలు, చావులు, రెండేళ్ళుగా ఊరూరా జరుగుతున్న ధర్నాలు, దీక్షలు, అన్నీ అందులోనే దాచాడు. అతనికి పని దొరికేది సిరిసిల్లలో. అక్కడ అద్దెకున్న గది కింద మరమగ్గాలు నడిచేవి. నేల రోజంతా వణుకుతూ, పత్తి నూగు గాలిలో తేలుతూ ఉండే ఆ గదిలో పెడితే నెల తిరక్కుండా పాడవుతుందని డబ్బాను ఇంట్లోనే ఉంచాడు. కావలసినప్పుడు అక్కణ్ణుంచే లేపి, కావలసిన బొమ్మలు ఫోన్ లైనులో తెప్పించుకుని, పనయ్యాక అక్కణ్ణుంచే పడుకోబెట్టేవాడు. ఇక్కడ లేపుదామంటే డబ్బా ముందుండే బటన్ తీగను ఎలుక కొరికి రెండేళ్ళయింది. పక్కింటి లతీఫుద్దీన్ అతికిస్తా అతికిస్తా అంటూనే ఆ రెండేళ్ళూ గడిపాడు. రేడియోల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న మనిషి. ఊళ్ళో అందరివీ ఇవాళ చేస్తాడు, పక్కింటిది రేపు చేస్తాడు.

కొమురవ్వ సంగతి ఇట్లా మొదలైంది. ఆమె భర్త మొండయ్య బావులు తవ్వే కూలి. అతను పోయాక మూడు నెలలు ఆమెకు కంటి మీద కునుకు లేదు. జగిత్యాల డాక్టరు మాత్రలకూ రాలేదు, కొండగట్టు మొక్కుకూ రాలేదు. ఆ రోజుల్లోనే ఆనంద్ డబ్బా కొని తెచ్చి, తాను తీసిన తండ్రి బొమ్మలు మొట్టమొదట అందులోకి ఎక్కించాడు. పనయ్యాక డబ్బాను పడుకోబెడితే కొమురవ్వ కూడా కూర్చున్నచోటనే గోడకు ఒరిగి పడుకుంది. మళ్ళీ డబ్బా లేచేదాకా లేవలేదు. అప్పటి నుంచీ అంతే. డబ్బా పడుకుంటే ఆమె పడుకునేది, ఆమె ఆకలి కూడా పడుకునేది. వాడకట్టు ఆడవాళ్ళు కొమురవ్వతో పనిబడితే "డబ్బా లేసిందా?" అని వాకిట్లోంచే అడిగి, లేచిందంటేనే లోపలికి వచ్చేవాళ్ళు. తనకు పని ఉన్నా లేకున్నా ఆనంద్ రోజూ పదింటికి దాన్ని లేపేవాడు, తల్లి ఇంత తినాలి కదా అని.

లేవడమంటే దిగ్గున లేవడం కాదు. మొదట బొటనవేలు కదిలేది. తర్వాత కళ్ళు తెరిచేది కానీ ఎవరినీ చూసేది కాదు. దగ్గేది. ఇవాళ ఏ వారమని అడిగేది. పుష్ప చెబితే నమ్మేది కాదు, వేళ్ళ మీద తానే లెక్కేసుకుని అప్పుడు నమ్మేది. చాయ్ అడిగేది. అన్నీ అయ్యాక, "ఆనంద్ గాడు తిన్నడా?" అనేది. ఆ మాట వచ్చిందంటే డబ్బా పూర్తిగా లేచినట్టు. పుష్ప అప్పుడు సిరిసిల్లకు ఒక మిస్డ్ కాల్ కొట్టేది. ఒకసారి ఆనంద్ ఆత్రపడి మిస్డ్ కాల్ రాకముందే లోపలికి చొరబడితే డబ్బా అట్లాగే బిగుసుకుపోయింది. కొమురవ్వ ఆ రోజంతా పుష్పను ఎన్నడో చచ్చిపోయిన తన చెల్లెలు ఐలవ్వ అనుకుని, చిన్నప్పటి గాజుల విషయంలో పోట్లాడింది. ఆ సాయంత్రం పుష్ప మొగుడికి ఫోన్ చేసి, ఇంకోసారి తన మిస్డ్ కాల్ లేకుండా చెయ్యి పెడితే బాగుండదని చెప్పింది.

కరెంటు చెప్పకుండా పోయిన రోజు లేవడం ఇంకో రకంగా ఉండేది. నోట్లో ముద్ద నోట్లో ఉండగానే కొమురవ్వ నిద్రలోకి జారేది. మళ్ళీ లేపినప్పుడు డబ్బా తన కడుపులో అన్నీ ఉన్నాయో లేవో మొదటి నుంచీ వెతుక్కునేది. కొమురవ్వా వెతుక్కునేది. తల్లిగారి ఊరి నుంచి మొదలుపెట్టి, తాను ఎరిగిన ప్రతి మనిషి పేరూ ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చేది. అది పూర్తయ్యేదాకా వారమూ లేదు, చాయ్ లేదు. పుష్ప బీడీలు చుడుతూ వినేది. వినీ వినీ అత్తవైపు చుట్టాలందరూ కోడలికి నోటికి వచ్చేశారు.

మెలకువగా ఉన్నంతసేపూ కొమురవ్వ చాట ముందేసుకుని కూర్చునేది, కోడలి చేతిపనికి వంకలు పెట్టేది. తమ కాలంలో కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే ముందు రోజు కునుకు వస్తే తంబాకు వేళ్ళు కంటిరెప్పలకు రాసుకునేవాళ్ళట. ఒక్కసారి రాస్తే రెండు కట్టలు చుట్టేదాకా నిద్ర దగ్గరికి రాదట. పక్కింటి అన్వరీ బేగం, అంటే లతీఫుద్దీన్ భార్య, అప్పట్లో ఇక్కడికే వచ్చి చుట్టేది. ఆమె కొడుకు ఫరూఖ్ పాలు తాగే వయసులో కొమురవ్వ పాత చాటలోనే పడుకుని పెరిగాడు. వాడి ఒంటి మీద ఇప్పటికీ తంబాకు వాసనే వస్తుందని కొమురవ్వ అనేది.

ఆ ఏడు సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపో దాటలేదు, సార్లు బడికి పోలేదు, బొగ్గుబావుల వాళ్ళు బావిలోకి దిగలేదు. బొగ్గు లేక కరెంటూ లేదు. పుష్ప కూడా రోజూ కాసేపు చౌరస్తా టెంటులో కూర్చుని వచ్చేది. తెలంగాణ కావాలని వాడకట్టంతటికీ ఉంది. కరెంటు కావాలనీ ఉంది, కానీ ఆ మాట టెంటులో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. రోజుకు నాలుగైదు సార్లు వేళాపాళా లేకుండా పోయేది. పోయినప్పుడల్లా కొమురవ్వ ఎక్కడున్నది అక్కడే ఒరిగిపోయేది. బతుకమ్మకు గునుగుపూలు పేరుస్తూ పేరుస్తూ ఆ పూల మీదే పడిపోయింది.

సమ్మె మొదలై ఇరవై రోజులు దాటేసరికి డబ్బాలోంచి టక్కుటక్కుమని చప్పుడు మొదలైంది. కొమురవ్వ రొమ్ములోనూ అదే చప్పుడు. లతీఫుద్దీన్ వచ్చి డబ్బాకు చెవి ఆనించి విన్నాడు. మంచం మీదికి వంగి విన్నాడు. బొమ్మలుండే డిస్కు మీద ముల్లు గీకుతోందని తేల్చాడు.

"కొత్త డిస్కు హైదరాబాద్ నుంచి పంపమన్న బిడ్డా. అది అచ్చినంక దీంట్ల ఉన్నదంత దాంట్లకు ఎక్కిద్దం. అప్పటిదాక లేపొద్దు. ఇంకొక్కపారి లేస్తదో, రెండుసార్లు లేస్తదో, నేను చెప్పలేను."

పార్సిల్ బస్సులో రావాలి. బస్సులు లేవు. తొమ్మిది రోజులు కొమురవ్వ నిద్రలోనే ఉంది. పుష్ప తడిగుడ్డతో ఆమె పెదాలు అద్దేది, తల దువ్వేది, పక్క మార్చేది. వంకలు పెట్టే మనిషి లేక చుట్టిన బీడీలు బాగున్నాయో లేవో కూడా ఆమెకు తెలిసేది కాదు. ఆనంద్ అలవాటు కొద్దీ పదింటికి ఫోన్ చేసి, అవ్వ ఎట్లున్నదని అడిగి, పుష్ప గట్లనే ఉన్నదని చెప్పాక పెట్టేసేవాడు.

పదో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు లతీఫుద్దీన్ వచ్చి గడపలో కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఫరూఖ్‌ను పోలీసులు పట్టుకుని అప్పటికి రెండు రోజులు.

ఫరూఖ్‌కు ఇరవై నాలుగేళ్ళు, సొంత ఆటో నడిపేవాడు. జెద్దాలో డ్రైవర్ పనికి వీసా వచ్చింది, వచ్చే వారమే ప్రయాణం. పన్నెండు రోజుల కింద సిరిసిల్ల దారిలో పట్టపగలు ఎవరో ఒక లారీ తగలబెట్టారు. తగలబెట్టినవాళ్ళు ఆటోలో వచ్చారని ఎవరో ఫరూఖ్ ఆటో నంబరు రాసిచ్చారు. నిజానికి ఆ రోజు, ఆ వేళకు ఫరూఖ్ అక్కడికి ఎంతో దూరాన మల్లాపూర్‌లో ఉన్నాడు. అక్కడి ప్రభుదాస్ కూతురు ప్రవళిక పెళ్ళి. బస్సులు లేవని పెళ్ళికూతురిని చర్చికి తీసుకుపోయింది ఫరూఖే. ప్రభుదాస్ సిరిసిల్ల ఠాణాకు పోయి ఇదంతా చెప్పాడు. ఎస్సై చెడ్డవాడు కాదు, నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డ మనిషి. ఎవరి మనుషులు వాళ్ళ కోసం ఇట్లాగే చెబుతారని, కళ్ళతో చూడగలిగేది ఏదైనా ఉంటే సాయంత్రం నాలుగు లోపల తెమ్మని అన్నాడు. నాలుగింటికి కాగితాలు రాస్తాడు. రాస్తే కరీంనగర్ జైలు. వీసా, పాస్‌పోర్టు, జెద్దా అన్నీ అక్కడితో సరి.

ఇదంతా పుష్పకు ఫోన్‌లో ఆనంద్ చెప్పాడు. ప్రభుదాస్ ఠాణా నుంచి నేరుగా అతని గదికి వచ్చాడట. ఆ పెళ్ళి వీడియో తీసింది ఆనందే.

"బంతి భోజనాలు తీసిన. ఫరూఖ్ కూసున్నడు. వాని పక్కన రాజం కూసున్నడు," అన్నాడు ఆనంద్.

"ఏ రాజం?"

"గదే ఠాణల హోంగార్డు. ప్రభుదాస్‌కు సడ్డకుడు. డ్యూటీల ఉన్నట్టు రాయించుకొని పెండ్లికి అచ్చిండు. ఇయ్యాల ఎస్సై ముందట నోరు తెరుస్తలేడు. తెరిస్తె వాని నౌకరి పోతది."

క్యాసెట్ ఉందా అని పుష్ప అడిగింది. దాని మీద ఇంకో ఫంక్షన్ తీసేశానని అతను చెప్పాడు. పెళ్ళి మర్నాడు ఇంటికి వచ్చి ఎక్కించిన బొమ్మలు డబ్బాలో మాత్రమే ఉన్నాయి. బండి మీద వచ్చి డబ్బానే సిరిసిల్లకు తీసుకుపోదామంటే దారి పొడుగునా చెట్లు నరికి అడ్డం వేశారు, మూడు గంటల్లో వచ్చి పోవడం కాని పని.

"అవ్వను ఒక మాట అడుగు," అన్నాడు చివరికి.

"ఎట్ల అడగాలె? అడగాలంటె లేపాలె."

కన్నతల్లి సంగతి పెళ్ళాం నోటితో అనిపించాలని చూస్తున్నాడని పుష్పకు అర్థమైంది. కోపం వచ్చింది. ఆ వెంటనే జాలి కూడా వచ్చింది. ఆమె గడప వైపు చూసింది. లతీఫుద్దీన్ తల ఎత్తలేదు.

"నేను అడుగనీకి అచ్చింది కాదు బిడ్డా," అన్నాడు. "ఇంట్ల కూసుంటె అన్వరీ మొకం చూడలేకపోతున్న, గందుకు అచ్చిన. లేపొద్దని చెప్పిందే నేను."

పుష్ప అత్త ముఖం చూసింది. తొమ్మిది రోజుల నిద్రకు చెంపలు లోపలికి పోయాయి. ఈమెను అడిగితే ఏమంటుందో పుష్పకు తెలియకపోలేదు. తెలుసు కాబట్టే లేపమని అనలేకపోతోంది. ఇద్దరు మగవాళ్ళూ తన నోటి వైపే చూస్తున్నారు. ఒకడు ఫోన్‌లోంచి, ఒకడు గడపలోంచి. ఆమెకు కన్నీళ్ళు వచ్చాయి. కొంగుతో తుడుచుకుంది.

"లేపు," అంది ఫోన్‌లో.

కరెంటు పన్నెండున్నరకు వచ్చింది, ఎప్పుడు పోతుందో తెలియదు. బల్ల కింద లతీఫుద్దీన్ ఎప్పుడో పెట్టిన యూపీఎస్ ఉంది, ముసలి బ్యాటరీ, మహా అయితే ఐదు నిమిషాలు ఆపుతుంది. ఆనంద్ మీట నొక్కాడు. డబ్బాలో ఫ్యాను గుర్రుమంది. దాని వెనకే టక్కుటక్కు మొదలైంది. పుష్ప ఫోన్ చెవికి ఆనించుకునే బొటనవేలు చూస్తూ కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. వేలు కదిలింది.

కళ్ళు తెరిచింది కానీ దగ్గలేదు, వారం అడగలేదు. పైకప్పు చూస్తూ తల్లిగారి ఊరి పేర్లు మొదలుపెట్టింది.

"ఎంత దాక అచ్చింది?" అని ఫోన్‌లోంచి ఆనంద్ అడుగుతూనే ఉన్నాడు.

"ఆగు. ఇంక అమ్మగారి ఇంట్లనే ఉన్నది."

కొమురవ్వ మేనత్తలను చెప్పింది, మేనమామలను చెప్పింది. తోబుట్టువుల దగ్గరికి వచ్చింది. శంకరవ్వ పేరు చెప్పి, ఐలవ్వ పేరు వదిలేసి, తమ్ముడి పేరుకు పోయింది. పుష్ప ముందుకు వంగింది. ఇన్నేళ్ళలో ఏనాడూ ఆమె ఐలవ్వను వదల్లేదు. లోపల ముల్లు గీకుతున్న చప్పుడు వస్తూనే ఉంది. చప్పుడు వచ్చినచోటల్లా ఒక మనిషి జారిపోతున్నాడు.

తన పెళ్ళి దగ్గరికి వచ్చింది. అత్తామామలను చెప్పింది. ఆ తర్వాత ఎప్పుడూ గొంతు కాస్త తగ్గించి, మొగుడి పేరు నోట పలకకుండా, "ఆనంద్ వాళ్ళ నాయిన" అనేది. ఈసారి మామ పేరు మీదుగా నేరుగా ఆనంద్ పేరుకు వచ్చేసింది. మధ్యలో మొండయ్య లేడు. అక్కడ ఎవరైనా ఉండాలని కూడా ఆమెకు తోచలేదు. పుష్పకు ఏడుపు ఆగలేదు. ఏమైందని ఆనంద్ అడిగితే ఏమీ లేదని చెప్పింది. నీ తండ్రి పోయాడని రెండోసారి ఎట్లా చెబుతుంది.

వాడకట్టు పేర్లు మొదలయ్యాయి. శాంత, లక్ష్మీరాజం, లతీఫ్, అన్వరీ. చివర ఫరూఖ్ అంది. అక్కడ ఆగింది. తల తిప్పి కోడలిని చూసింది, ఈసారి నిజంగానే చూసింది.

"ఫరూఖ్ గాడు తిన్నడా?" అంది.

పుష్పకు ఒక నిమిషం దిక్కుతోచలేదు. రావలసిన మాట అది కాదు. చాయ్ లేదు, వారం లేదు, అడిగిన మాటలో ఆనంద్ పేరు లేదు. లేచిందని చెబితే, నిజానికి లేవకపోతే, డబ్బా బిగుసుకుపోతుంది. దాన్ని మళ్ళీ లేపడమనేది ఇక లేదు. అట్లాగని కూర్చుంటే కరెంటు పోతుంది.

"నిన్ను అడుగుతలేదు," అంది ఫోన్‌లో. "ఫరూఖ్ తిన్నడా అంటాంది. ఏం జెయ్యాలె?"

"ఎవలి పేరైతేంది. తిన్నడా అని అడిగిందంటె అవ్వ లేసినట్టే," అన్నాడు ఆనంద్. లోపలికి వెళ్ళాడు. డబ్బా బిగుసుకుపోలేదు.

బంతి భోజనాల ముక్క నాలుగు నిమిషాలది. దాన్ని ఎంత చిన్నది చేసినా ఆ ఫోన్ లైనులో సిరిసిల్ల చేరడానికి ఇరవై నిమిషాలు కావాలి. ఈలోగా పుష్ప చాయ్ పెట్టి ఇచ్చింది, జరిగిందంతా అత్తకు చెప్పింది. డిస్కు సంగతి చెప్పేటప్పుడు తడబడింది. కొమురవ్వ చాయ్ తాగుతూ మొత్తం విన్నది. గడపలో ఉన్న మనిషిని చూసింది.

"లతీఫ్, బయట ఎందుకు కూసున్నవ్. లోపలికి రా," అంది. చాట తన ముందుకు లాక్కుంది. కోడలు చుట్టిన బీడీ ఒకటి తీసి వదులుగా ఉందని పక్కకు పడేసింది.

ఏడో నిమిషంలో పైన తిరిగే ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. వాడకట్టులో టీవీల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. బల్ల కింద యూపీఎస్ పిట్టలా కూయడం మొదలుపెట్టింది. ఎంత వచ్చిందని పుష్ప అడిగింది. మూడో వంతు వచ్చిందన్నాడు ఆనంద్.

ఐదు నిమిషాలన్న బ్యాటరీ మూడు నిమిషాలకే గొంతు మార్చింది. కొమురవ్వ తల ముందుకు వాలింది, మళ్ళీ లేచింది, మళ్ళీ వాలింది. లతీఫుద్దీన్ దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పండనియ్యి బిడ్డా," అన్నాడు పుష్పతో. "ఇప్పుడే పండితె డిస్కు మిగులుతదేమో. నా కొడుకు నసీబుల ఎట్లుంటె గట్లయితది."

కొమురవ్వ ఆ మాట విననట్టే ఉండి, తంబాకు డబ్బీలో మూడు వేళ్ళు ముంచింది. వేళ్ళకు అంటిన పొడిని కంటిరెప్పలకు రాసుకుంది. ముందు కుడికన్ను, తర్వాత ఎడమకన్ను. నీళ్ళు బొటబొటా కారాయి. ముఖం ముడుచుకుపోయింది. ఒక ఆకు అందుకుని చుట్టడం మొదలుపెట్టింది.

యూపీఎస్ చివరిసారి కూసి ఆగిపోయింది. దాని ఎర్ర దీపం ఆరింది. డబ్బాలో ఫ్యాను నెమ్మదించింది, కొమురవ్వ రెప్పలు బరువెక్కాయి. ఆమె వాటిని ఎత్తింది. ఫ్యాను మళ్ళీ అందుకుంది. ఫోన్ లైను పెట్టె మీద పచ్చదీపాలు మినుకుమినుకుమంటూనే ఉన్నాయి. లతీఫుద్దీన్ యూపీఎస్ మీద చెయ్యి వేసి చూశాడు. అది చచ్చిపోయి ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇన్నేళ్ళూ డబ్బా లేస్తేనే అత్త లేస్తుందని పుష్ప నమ్మింది. ఆ మధ్యాహ్నం కరెంటు లేని ఇంట్లో, అత్త కళ్ళు తెరుచుకుని ఉన్నంతసేపూ డబ్బా నడుస్తూనే ఉంది. కొమురవ్వ చుడుతోంది, మూతి ముడుస్తోంది, చాటలో వేస్తోంది. కారే నీళ్ళు తంబాకు కలిసి గోధుమరంగులో చెంపల మీదికి దిగుతున్నాయి. ఒకసారి తల బాగా వాలిపోయింది. ఫోన్‌లో ఆనంద్ ఆగింది ఆగింది అన్నాడు. ఆమె మళ్ళీ డబ్బీలో వేళ్ళు ముంచి, ఈసారి రెప్పల లోపలికే రాసుకుంది. పుష్పకు చూడబుద్ధి కాలేదు. అయినా చూసింది, ఎవరో ఒకరు చూడాలి కదా అని.

"అచ్చింది," అన్నాడు ఆనంద్. "మొత్తం అచ్చింది పుష్పా. నేను ఠాణకు పోతున్న."

పుష్ప ఫోన్ కింద పెట్టి అత్త చెయ్యి పట్టుకుంది. "అత్తా, అయిపోయింది. ఇగ పండుకో."

కొమురవ్వ చేతిలో ఒక బీడీ ఉంది. చుట్టడం అయింది, మూతి ముడవలేదు. "గీ ఒక్కటి," అంది. గోరు మూతి మీద పెట్టింది. అక్కడే ఆగిపోయింది. డబ్బాలో ఫ్యాను ఆగింది. టక్కుటక్కు కూడా ఆగింది, రెండు చోట్లా.

మూడున్నరకు మళ్ళీ కరెంటు వచ్చింది. లతీఫుద్దీన్ ఇంటికి పోయి టంకం వేసే సామాను తెచ్చుకున్నాడు. డబ్బా మూత విప్పి, ఎలుక కొరికిన బటన్ తీగను అతికించాడు. రెండేళ్ళ పని పావుగంటలో అయింది. బటన్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. చాలాసేపు నొక్కుతూనే ఉన్నాడు. అన్వరీ బేగం వచ్చి చెయ్యి పట్టుకుని లేపేదాకా అతన్ని ఎవరూ ఆపలేదు. హైదరాబాద్ పార్సిల్ సమ్మె ముగిశాక వచ్చింది. దాన్ని అతను విప్పలేదు.

ఎస్సై ఆ నాలుగు నిమిషాలనూ ఆనంద్ ఫోన్‌లో రెండుసార్లు చూశాడు. వెనక గోడకు తేదీ రాసిన పెళ్ళి బ్యానర్, దాని పక్కన చర్చి గడియారం. బంతిలో ఫరూఖ్ ఇంకాస్త కూర వేయమని గిన్నె పట్టుకున్న మనిషికి సైగ చేస్తున్నాడు. పక్కన యూనిఫారం ప్యాంటు మీద పూల చొక్కా వేసుకుని రాజం మటన్ బొక్క చీకుతున్నాడు. ఎస్సై నవ్వలేదు. ఫరూఖ్ పేరు కొట్టేశాడు. రాజాన్ని పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు. రాజానికి ముగ్గురు పిల్లలు.

దారులు తెరుచుకోక ఆనంద్, ఫరూఖ్ మర్నాడు పొద్దున కానీ కోరుట్ల చేరలేదు. వాళ్ళు వచ్చేసరికి వాకిట్లో కొమురవ్వకు స్నానం చేయిస్తున్నారు. శాంత నీళ్ళు పోస్తోంది, అన్వరీ బేగం ముఖం కడుగుతోంది. రెప్పల మీద తంబాకు మరక ఎంత రుద్దినా పోలేదు. కుంకుడురసం తెమ్మని శాంత ఎవరినో పంపబోయింది.

"ఉండనియ్యుండ్రి," అంది పుష్ప. ఆ చివరి బీడీ మూతి రాత్రే తాను ముడిచి, అత్త కొంగున కట్టింది.

ఆనంద్ తల్లి తల దగ్గర కూలబడ్డాడు. ఫరూఖ్ గేటు దగ్గరే నిలబడిపోయాడు. మూడు రోజులుగా ఒంటి మీద అదే చొక్కా, పెదాలు పగిలి ఉన్నాయి. ఠాణాలో పెట్టింది ముట్టలేదని, దారిలోనూ ఏమీ తినలేదని చూస్తేనే తెలుస్తోంది. తన కోసం ఎవరి ప్రాణం పోయిందో దారిలోనే విన్నట్టున్నాడు, ఎవరి కళ్ళలోకీ చూడలేకపోతున్నాడు. పుష్ప అతని దగ్గరికి పోయింది.

"నిన్నే అడిగింది," అని చెప్పింది. "తిన్నడా అని."

ఫరూఖ్ వచ్చి కొమురవ్వ కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తడి పాదాలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తిన్న అవ్వా," అన్నాడు.

పుష్ప అలవాటు కొద్దీ అత్త కాలి బొటనవేలి వైపు చూసింది.